అప్పు వసూలు ఉత్తరానికి భయపడొద్దు, కోర్టు కవరును మాత్రం పక్కన పెట్టొద్దు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, స్లౌలో ఉంటాం. కారు మావారి పేరు మీద ఉంది. మార్చి 1న ఒక రిటైల్ పార్కులో కారు ఆపి సరుకులు కొనుక్కుని, అక్కడే భోంచేసి వచ్చాం. అక్కడ రెండు గంటలే ఉచితమట. మేం 2 గంటల 31 నిమిషాలు ఉన్నామని, 100 పౌండ్లు కట్టాలని, 14 రోజుల్లో అయితే 60 చాలని తర్వాత ఉత్తరం వచ్చింది. ‘అవి ప్రైవేటు వాళ్ల కాగితాలు, చించి పారేయండి’ అని ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మా బాబాయి అన్నారు. వదిలేశాం. జులైలో ఇల్లు మారాం. మొన్న పాత ఇంట్లో ఉంటున్న అమ్మాయి ఫోన్ చేసి, అప్పు వసూలు కంపెనీ నుంచి ఎర్రక్షరాలతో రెండు ఉత్తరాలు వచ్చాయని చెప్పింది. ఇప్పుడు 170 పౌండ్లట. కోర్టు, బెయిలిఫ్‌లు (కోర్టు తరఫున వసూలుకు వచ్చేవాళ్లు) అని కూడా రాశారట. వచ్చే ఏడాది ఐఎల్‌ఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, దరఖాస్తు చేసుకోవాలి. మావారు కట్టేద్దామంటున్నారు, బాబాయి వద్దంటున్నారు. ఇంటికి ఎవరైనా వస్తారా? వీసాకు ఇబ్బందా? ఏం చేయాలి?

జవాబు: డబ్బు సంగతి రేపైనా చూసుకోవచ్చు. చిరునామా మాత్రం ఈ రోజే మార్పించండి. మీ ఉత్తరంలో మాకు ఆందోళన కలిగించింది 170 పౌండ్లు కాదు, ‘జులైలో ఇల్లు మారాం’ అన్న మాట.

పార్కింగ్ కంపెనీకి మీ వివరాలు డీవీఎల్‌ఏ నుంచి, అంటే వాహనాల, లైసెన్సుల రికార్డులు ఉంచే ప్రభుత్వ సంస్థ నుంచి వెళ్తాయి. 2 పౌండ్ల 50 పెన్నీలు కట్టి, ఆ నంబరు కారు ఎవరి పేరు మీద నమోదై ఉందో (వాళ్లనే రిజిస్టర్డ్ కీపర్ అంటారు), చిరునామా ఏమిటో తీసుకుంటారు. ఆ తర్వాత వాళ్లు కోర్టుకు వెళ్తే కాగితాలు వాళ్ల దగ్గరున్న చిరునామాకే పోతాయి. వాళ్లకు తెలిసిన మీ చివరి చిరునామాకు పంపినా అందినట్టే అంటుంది చట్టం, మీరు కవరు చూశారా లేదా అన్నది అప్పటికి లెక్కలోకి రాదు. గడువులోపు జవాబు రాకపోతే విచారణ లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. దాన్నే కౌంటీ కోర్టు జడ్జిమెంట్, సీసీజే అంటారు. నెల రోజుల్లో కట్టకపోతే ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో ఉండిపోతుంది. ఇంటి లోను అడిగినప్పుడో, అద్దె ఇంటికి ఏజెంటు వివరాలు తీసినప్పుడో ఆ తీర్పు సంగతి మొదటిసారి తెలిసేవాళ్లు చాలామంది. దాన్ని రద్దు చేయించాలంటే ఎన్244 అనే ఫారం పెట్టాలి. దాని రుసుమే 300 పౌండ్లు దాటుతుంది, అంటే మీ పార్కింగ్ సొమ్ముకు మూడింతలు.

కాబట్టి వీ5సీ లాగ్‌బుక్‌లో, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రంలో, కొత్త చిరునామా పెట్టండి. ఆన్‌లైన్‌లో ఉచితమే. డ్రైవింగ్ లైసెన్సులోనూ మార్చండి, అది వేరే పని. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. డీవీఎల్‌ఏలో మారిస్తే పార్కింగ్ కంపెనీకి దానంతటదే తెలిసిపోదు. వాళ్లు మార్చిలోనే వివరాలు తీసుకున్నారు, మళ్లీ అడుగుతారన్న నమ్మకం లేదు. అందుకే ఆ కంపెనీ డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు మీవారి పేరుతో ఈమెయిల్ పంపండి: ఇది నా కొత్త చిరునామా, పాతది తొలగించండి, మీరు నియమించిన వసూలు కంపెనీకీ లాయర్లకూ ఇదే తెలియజేయండి. అదే మెయిల్‌లో ఆ కారుకు సంబంధించి తమ దగ్గరున్న ఫోటోలు, ఉత్తరాలు, రికార్డులు అన్నీ పంపమని అడగండి. దీన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. రుసుము లేదు, నెలలోపు ఇవ్వాలి. మీరు పారేసిన మొదటి ఉత్తరం నకలు ఇలాగే తిరిగొస్తుంది.

అసలు ఇది ఏ రకం కాగితమో ఒకసారి నిర్ధారించుకోండి. పీసీఎన్ అని పొట్టిగా రాస్తారు గనక గందరగోళం పుడుతుంది. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీసు. ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీసు. కౌన్సిల్‌ది చట్టం విధించిన జరిమానా. కట్టకపోతే సగం పెరుగుతుంది, సీసీజే లేకుండానే బెయిలిఫ్‌ల దాకా పోతుంది. ఈ జవాబులో మేం చెప్పేదేదీ దానికి వర్తించదు. మీరు చెప్పినదాన్నిబట్టి మీది రెండో రకం. చట్టం దృష్టిలో అది జరిమానా కాదు. స్థలం యజమాని తరఫు కంపెనీ, ‘బోర్డు మీద రాసిన షరతుకు ఒప్పుకుని కారు ఆపారు, షరతు తప్పారు, ఇంత ఇవ్వాలి’ అని అడగడం. అంటే ఒప్పందం మీద పుట్టిన బాకీ.

మీ బాబాయిగారి మాటకు వద్దాం. ఒకప్పుడు ఆ సలహా తప్పు కాదు. 2012 అక్టోబరు 1కి ముందు ఆ రోజు కారు నడిపింది ఎవరో కంపెనీ తేల్చలేకపోతే ఎవరినీ పట్టుకోలేకపోయేది. ఆ రోజు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ నాలుగో షెడ్యూల్ అమల్లోకి వచ్చింది. షరతులన్నీ పాటిస్తే, డ్రైవర్ ఎవరో తెలియకపోయినా కీపర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ తర్వాత కూడా ‘కంపెనీకి రూపాయి నష్టం లేనప్పుడు ఇంత సొమ్మా’ అని వాదించేవారు. 2015 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదననూ మూసేసింది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల పరిమితి మీద 56 నిమిషాలు ఎక్కువ ఉన్న బేవిస్ అనే వాహనదారుడి కేసది. 85 పౌండ్లు న్యాయమైనదే, బోర్డులు స్పష్టంగా ఉన్నాయి అని తీర్పిచ్చింది. మీ కేసు పోలిక చూస్తే ఆ తీర్పుకు చాలా దగ్గర. చించి పారేయమనే సలహాకు కాలం చెల్లింది.

ఇక మీవారి భయం. అప్పు వసూలు కంపెనీకి ఉత్తరం రాయడం, ఫోన్ చేయడం తప్ప ఏ అధికారమూ లేదు. ఇంట్లోకి రాలేరు, సామాను తీసుకోలేరు, క్రెడిట్ రికార్డులో ఏమీ రాయలేరు. తలుపు తట్టినా తీయక్కర్లేదు. బెయిలిఫ్ రావాలంటే ముందు క్లెయిమ్ వేయాలి, తీర్పు రావాలి, ఆ సొమ్ము మీరు కట్టకుండా ఉండాలి. అప్పుడు కూడా 600 పౌండ్ల లోపు తీర్పు అయితే కౌంటీ కోర్టు బెయిలిఫ్‌లే వస్తారు, టీవీలో కనిపించే హైకోర్టు ఆఫీసర్లు కారు. కొన్ని వసూలు కంపెనీలకు బెయిలిఫ్ విభాగం కూడా ఉంటుంది. అదే పేరు, అదే ముద్ర ఉత్తరం మీద వేస్తారు. చూసినవాళ్లకు గుండె జారేది అక్కడే. ఆ ఉత్తరం రాసే విభాగానికి మాత్రం మిగతా వసూలు కంపెనీలకు లేని అధికారమేదీ లేదు.

100కు మీద పడ్డ 70 సంగతి. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ అని రెండు సంఘాలున్నాయి. డీవీఎల్‌ఏ వివరాలు కావాలంటే కంపెనీ వీటిలో ఒకదానిలో సభ్యత్వం తీసుకోవాలి. 2024 అక్టోబరు నుంచి ఇద్దరికీ ఒకే నియమావళి. చార్జీ 100 దాటకూడదు, వసూలు ఖర్చు పేరుతో 70 దాకా కలపొచ్చు అంటుంది అది. చట్టం మాత్రం కీపర్ దగ్గర మొదటి నోటీసులో రాసిన మొత్తం కంటే ఎక్కువ రాబట్టడానికి వీల్లేదంటుంది. ఈ 70 విషయంలో జడ్జీలు ఒకేలా తీర్పు చెప్పడం లేదు, కొందరు కొట్టేస్తారు, కొందరు ఒప్పుకుంటారు. అందుకే దాన్ని కళ్లు మూసుకుని కట్టొద్దు.

మొదటి నోటీసు చేతికొచ్చాక తేదీలు చూడండి. మీ బలమంతా అక్కడే ఉండొచ్చు. అద్దం మీద టికెట్ అంటించకుండా కెమెరా ఫోటోతో పోస్టులో పంపిన నోటీసు, పార్కింగ్ చేసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోపు మీ ఇంటికి చేరాలి. మార్చి 1కి 14వ రోజు మార్చి 15. పోస్టు చేసిన రెండో పనిదినాన చేరినట్టు లెక్క, శని ఆదివారాలు కలపరు. నోటీసు మీద మార్చి 17, 18 అలాంటి తేదీ ఉంటే గడువు దాటిపోయినట్టే. అప్పుడు కీపర్‌గా మీవారికి బాధ్యత లేదు, నడిపినవారి దగ్గరే అడగాలి. (అద్దం మీద టికెట్ పెట్టి ఉంటే లెక్క వేరు. ఉత్తరం 28 రోజులు గడిచాక, 56 రోజుల్లోపు రావాలి.) తేదీ సరిపోయినా లోపలి రాత చూడండి. ‘డబ్బు కట్టండి, లేదా నడిపినవారి పేరు, చిరునామా చెప్పండి’ అని కీపర్‌ను అడగాలి. 28 రోజుల తర్వాత కీపర్‌నే అడిగే హక్కు వస్తుందన్న హెచ్చరిక ఉండాలి. ఎంతసేపు పార్కింగ్ చేశారో కూడా ఉండాలి. కొన్ని కంపెనీలు ఇవేవీ రాయకుండానే పంపేస్తాయి. విమానాశ్రయం, రైల్వే స్టేషన్ స్థలాల్లో సొంత నిబంధనలుంటే ఈ కీపర్ బాధ్యతే వర్తించదు.

ఈ కారణంగానే మీరు రాసే ఏ కాగితంలోనూ ‘నేను ఆపాను’, ‘మా ఆవిడ నడిపింది’ అని రాయొద్దు. ‘వాహనం కీపర్‌గా రాస్తున్నాను’ అంటే చాలు. నడిపినవారి పేరు ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలని చట్టంలో లేదు. ఫోన్‌లో మాట్లాడినా పొరపాటున నోరు జారుతుంది, అందుకే ఫోన్ చేయొద్దు. అయితే అబద్ధం మాత్రం ఎక్కడా రాయకండి. కోర్టు కాగితాల మీద సత్యప్రమాణంతో సంతకం పెట్టాలి.

మీ 31 నిమిషాల్లో ఎంత పోతుందో చూద్దాం. నియమావళి ప్రకారం గడువు అయ్యాక కనీసం 10 నిమిషాల వెసులుబాటు ఇవ్వాలి. గేటు కెమెరా తీసేది కారు లోపలికి వచ్చిన, బయటికి పోయిన సమయాలు. చోటు వెతుక్కోవడం, బయటికొచ్చేటప్పుడు వరుసలో నిలబడటం అందులోనే కలిసిపోతాయి. ఇవన్నీ తీసేసినా ఇంకొంత మిగులుతుంది. అందుకని ఇదొక్కటే మిమ్మల్ని గట్టెక్కిస్తుందని చెప్పలేం. వీలైతే ఒక సాయంత్రం చీకటి పడ్డాక అక్కడికి వెళ్లి బోర్డుల ఫోటోలు తీయండి. కారు దిగకుండా లోపలికి వచ్చే దారిలో ఆ 100 పౌండ్ల అంకె చదవగలుగుతున్నారా? అక్షరాలు ఎంత చిన్నవి? దీపం ఉందా? బేవిస్ ఓడింది బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నందుకే. మీ దగ్గర అలా లేకపోతే అదే తీర్పు మీకు పనికొస్తుంది.

ఇంతకంటే సులువైన దారి ఒకటుంది. అక్కడ సరుకులు కొన్నారు, భోజనం చేశారు కదా. బిల్లులు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు చెల్లింపులు తీయండి. ఆ షాపు మేనేజరుకు, ఆ రెస్టారెంటుకు, రిటైల్ పార్కును చూసుకునే మేనేజింగ్ ఏజెంటుకు వేర్వేరుగా రాయండి: మీ దగ్గర ఇంత ఖర్చు పెట్టిన కస్టమర్లం, దీన్ని రద్దు చేయించండి. పార్కింగ్ కంపెనీని పెట్టుకున్నది వాళ్లే, వాళ్లు చెబితే రద్దవుతుంది. వసూలు కంపెనీ దాకా వెళ్లాక కొంత కష్టమే కానీ దారి మూసుకుపోలేదు. హెడ్డాఫీసు ‘మాకు సంబంధం లేదు’ అంటే ఆ షాపులోకే నేరుగా వెళ్లి మేనేజరును కలవండి. ఎక్కువగా పని జరిగేది అలాగే.

అప్పీలు గడువు మీకు దాటిపోయింది. నోటీసు వచ్చిన 28 రోజుల్లో కంపెనీకి అప్పీలు చేసి ఉంటే, వాళ్లు కాదన్నాక పోప్లా అనే స్వతంత్ర సంస్థకో, రెండో సంఘం వాళ్లదైతే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్‌కో వెళ్లే అవకాశం ఉండేది. దీన్ని చదివే మిగతావాళ్లు ఆ 28 రోజులను వదులుకోకండి. కారు నంబరులో ఒక అక్షరం తప్పు కొట్టినా, ఒకే రోజు రెండుసార్లు వచ్చిన కారును కెమెరా ఒకే రాకగా లెక్కేసినా అప్పీలులోనే తేలిపోతాయి.

వసూలు కంపెనీకి ఒక్కసారి రాయండి, ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు చాలు. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు, మీ క్లయింటుకు తిప్పి పంపండి, ఇకపై ఈ చిరునామాకే రాయండి, ఇంటికి రావద్దు. తర్వాత ఎన్ని ఎర్రక్షరాలు వచ్చినా ఫైలులో పెట్టుకోండి, జవాబివ్వక్కర్లేదు. ‘ఈ శుక్రవారంలోపు 20 తగ్గిస్తాం’ అన్న బేరాలు కూడా వస్తాయి. వాటిని చూసి కంగారుపడి కట్టొద్దు.

ఎప్పుడైతే కవరులో ‘లెటర్ ఆఫ్ క్లెయిమ్’ (కోర్టుకు వెళ్లే ముందు ఇచ్చే నోటీసు) అని వస్తుందో అప్పుడు మీ పద్ధతి మారాలి. మామూలుగా లాయర్ల సంస్థ పంపుతుంది, లోపల జవాబు ఫారం, ఆదాయ వివరాల ఫారం ఉంటాయి. 30 రోజుల సమయం ఇస్తారు. ఆ 30 రోజుల్లో తప్పకుండా జవాబివ్వండి: బాకీ ఎందుకు ఒప్పుకోవడం లేదో, ఏ కాగితాలు కావాలో, 70 ఏ చట్టం కింద అడుగుతున్నారో. ఆదాయ వివరాలు నింపక్కర్లేదు, అవి బాకీ ఒప్పుకుని వాయిదాలు అడిగేవాళ్లకు. రాజీ కుదుర్చుకోవాలనుకుంటే ఇదే సరైన చోటు, ‘మొదటి 100 ఇస్తాం, అంతటితో ముగించండి’ అని రాతపూర్వకంగా అడగొచ్చు.

దానికీ తేలకపోతే కోర్టు క్లెయిమ్ ఫారం వస్తుంది, నార్తాంప్టన్‌లోని సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్ నుంచి. ఎర్రక్షరాలు ఉండవు, చూడ్డానికి సాదాగా ఉంటుంది. కానీ అన్నిటికన్నా బలమైన కాగితం ఇదే. పైన ఇష్యూ డేట్ ఉంటుంది. దానికి 5 రోజులు కలిపితే మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్, అంటే క్లెయిమ్ అందిందన్న జవాబు, పెట్టాలి. అది పెడితే డిఫెన్సుకు, అంటే మీ వాదన రాసివ్వడానికి, మొత్తం 28 రోజులు దొరుకుతాయి. సెప్టెంబరు 1 తేదీ వేసి ఉంటే, సెప్టెంబరు 20 లోపు అక్నాలెడ్జ్‌మెంట్, అక్టోబరు 4 లోపు డిఫెన్సు. చివరి రోజుదాకా ఆగొద్దు. ఇదంతా మనీ క్లెయిమ్ ఆన్‌లైన్ అనే కోర్టు వెబ్‌సైట్‌లో చేయొచ్చు, పాస్‌వర్డు ఫారం మీదే ఉంటుంది. చాలామంది చేసే తప్పు ఒకటి: అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టేటప్పుడే డిఫెన్సు పెట్టెలో కోపంగా నాలుగు ముక్కలు టైపు చేస్తారు. అదే మీ డిఫెన్సు అయిపోతుంది, మిగతా రోజులు పోతాయి. ఆ పెట్టెను ఖాళీగా వదలండి. ‘మొత్తం క్లెయిమును వ్యతిరేకిస్తాను’ అన్నదే ఎంచుకోండి, కోర్టు పరిధిని ప్రశ్నించే పెట్టె జోలికి వెళ్లొద్దు.

ఆ తర్వాత ప్రశ్నావళి ఫారం వస్తుంది, ఫోన్‌లో గంటసేపు ఉచిత మధ్యవర్తిత్వం ఉంటుంది. 2024 మే నుంచి అది తప్పనిసరి, ఎగ్గొట్టొద్దు. చివరికి విచారణ మీ ఇంటికి దగ్గర్లోని కోర్టులో. మీవారు హాజరైతే ఆయన తరఫున మీరు మాట్లాడొచ్చు, స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కేసుల్లో, దానికి వీలుంది. కొన్ని కేసులు విచారణ రుసుము కట్టాల్సి వచ్చేసరికి కంపెనీయే ఉపసంహరించుకుంటుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఓడితే ఎంత? 100, మీద 70, కోర్టు రుసుము 35, లాయరు ఖర్చు 50, కొంత వడ్డీ. దాదాపు 260 పౌండ్లు, విచారణ జరిగితే ఆ రుసుము కూడా. స్మాల్ క్లెయిమ్స్‌లో గెలిచినవాళ్లు వేల పౌండ్ల లాయరు ఫీజు మీ మీద వేయలేరు, మీరు మరీ అసమంజసంగా ప్రవర్తిస్తే తప్ప. తీర్పు వచ్చిన నెలలోపు మొత్తం కట్టేస్తే రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు, క్రెడిట్‌కు మచ్చ ఉండదు. వాదించి ఓడిపోవడం వల్ల సీసీజే మిగలదు, ఓడాక కట్టకపోవడం వల్ల, లేదా కాగితమే చూడకపోవడం వల్ల మిగులుతుంది.

మరి కట్టాలా వద్దా? నోటీసు 14 రోజుల్లో వచ్చిందని, రాత సరిగ్గా ఉందని, బోర్డులు స్పష్టంగా ఉన్నాయని తేలి, షాపువాళ్లు కూడా సాయం చేయకపోతే, లెటర్ ఆఫ్ క్లెయిమ్ దశలో 100కు రాజీ అడిగి ముగించుకోవడమే మంచిది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మీవైపు ఉన్నా వాదించండి. ఈ రోజు 170 మాత్రం కట్టొద్దు. ఏమీ జరగదులే అని మర్చిపోనూ వద్దు. కంపెనీకి ఆరేళ్ల సమయం ఉంది. చదువు అయిపోయి కారు అమ్మేసి హైదరాబాద్, విజయవాడ వెళ్లిపోయిన పిల్లలు మళ్లీ ఉద్యోగానికి వచ్చేసరికి పాత చిరునామా మీద తీర్పు కనిపించడం ఇలాగే.

వీసా విషయం. ప్రైవేటు పార్కింగ్ చార్జీ నేరం కాదు, డ్రైవింగ్ నేరానికి వేసిన శిక్షా కాదు. దరఖాస్తులో ఆ ప్రశ్నల కింద దీన్ని రాయనక్కర్లేదు, వసూలు ఉత్తరాలనూ రాయనక్కర్లేదు. కానీ మీపై సివిల్ కోర్టు తీర్పు ఎప్పుడైనా వచ్చిందా, అప్పు కట్టకపోవడం వంటివాటికి, అని ఫారంలో అడుగుతారు. సీసీజే వచ్చి ఉంటే, కట్టేసినా సరే, ఉందనే రాసి వివరం ఇవ్వండి. పార్కింగ్ బాకీ మీద ఒక తీర్పు ఉండటం కంటే దాన్ని దాచడమే దరఖాస్తుకు ఎక్కువ చేటు చేస్తుంది. అలాంటిది మీకు తెలియకుండా ఇప్పటికే వచ్చిందేమో ఈ వారంలోనే మీవారి క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి.

ఇంకొకటి. పాత ఇంట్లో ఉంటున్న ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ రెండు కవర్లూ తెరిచి ప్రతి పేజీ ఫోటో తీసి పంపమనండి, జులై నుంచి వచ్చిన పోస్టులో మీవారి పేరున్నవి ఇంకేమైనా ఉన్నాయేమో చూడమనండి. నార్తాంప్టన్ ముద్ర ఉన్న కవరు ఒక్కటి కనిపించినా, దాని మీది ఇష్యూ డేట్ చూసి ఆ రాత్రే రోజులు లెక్కపెట్టండి. గడువు దగ్గర పడితే సిటిజన్స్ అడ్వైస్‌కో, నేషనల్ డెట్‌లైన్‌కో ఫోన్ చేయండి, రెండింటి సాయమూ ఉచితం.